పద్మవ్యూహమున పసివారు

హైదరాబాదు నుండి బొంబాయికి పోవు రహదారిపై, మియాపూరు దాటి చందానగరు చేరకమున్నే, మదీనాగూడ యను ఊరు కలదు. ఊరనుట నేడు మాటవరుసకే. ఒకప్పుడిది చెరువులును, చేలును, రాతిగుట్టలును గల పల్లెపట్టు. 1998లో మాదాపూరున సైబర్ టవర్సు వెలసి, దాని చుట్టును హైటెక్ సిటీ విస్తరించిన పిదప, కంప్యూటరు కొలువులవారు కాపురముండు మేడల వరుసగా మారినది. పగటివేళ ఈ దారిని పోవువారికి వాహనముల రొద తప్ప వేరొండు వినబడదు. కాని తెల్లవారుజామున ఐదు గంటల వేళ ఒక్కసారి వీధిలో నిలిచి చూచినచో వేరొక లోకము కానవచ్చును.

మేడల గేట్లు ఒకటొకటిగా తెరచుకొనును. స్కూటర్లును, కార్లును వెలుపలికి వచ్చును. ప్రతి వాహనమునందును ఒక తండ్రియో తల్లియో, వెంట ఒక బిడ్డ. బిడ్డ వీపున రాకెట్ల సంచి, లేదా కాళ్ళ దగ్గర క్రికెట్టు సామాను. కొందరు ఈతకొలనులకు, కొందరు టెన్నిసు కోర్టులకు, పెక్కుమంది గచ్చిబౌలి వైపునకు సాగిపోవుదురు. 2002 నాటి జాతీయ క్రీడలకై అచట స్టేడియము వెలసినది. 2008లో శ్రీ పుల్లెల గోపీచంద్ బాడ్మింటన్ అకాడమీ వెలసినది. నాటినుండి ఆ దిక్కు ఈ ప్రాంతపు తల్లిదండ్రులకు పుణ్యక్షేత్రమువంటిదైనది.

మొన్న ఒక ఉదయమున పాలకు పోయి వచ్చుచు నేనొక దృశ్యము చూచితిని. ఒక తండ్రి స్కూటరు వెనుక ఏడెనిమిదేండ్ల పాప కూర్చుండి నిద్రపోవుచున్నది. పడిపోకుండ ఆమెను చున్నీతో తండ్రి నడుమునకు కట్టియున్నారు. సిగ్నలు కడ బండి ఆగినను పాప మేల్కొనలేదు. తండ్రి ఒక చేతితో బండి పట్టుకొని, రెండవచేతిని వెనుకకు చాపి, పాప తల జారకుండ ఆపెను. దీపము పచ్చబడగానే సాగిపోయెను.

ఆ తండ్రి ప్రేమను శంకించుటకు నాకు నోరు రాదు. ఆ పాప నిద్రను మరచుటకును మనసు రాదు. ఈ రెంటి నడుమ చిక్కుకొనిన ప్రశ్నయే ఈ వ్యాసమునకు మూలము.

అట్టి స్కూటరును చూచినంతనే మనవారికి స్ఫురించునది సైనా నెహ్వాల్ కథ. ఆమె తండ్రి శ్రీ హర్వీర్ సింగు వ్యవసాయ శాస్త్రవేత్త. హర్యానా నుండి ఉద్యోగరీత్యా హైదరాబాదు వచ్చి, రాజేంద్రనగరున నూనెగింజల పరిశోధనాలయమున పనిచేసిరి. బాలికగానున్న సైనాను తెల్లవారకముందే స్కూటరుపై లాల్ బహదూర్ స్టేడియమునకు తీసికొనిపోయెడివారు. బిడ్డ దారిలో కునుకు తీసి పడిపోవునను భయమున తల్లియు వెనుక కూర్చుండి పట్టుకొనెడిదట. శిక్షణవ్యయమునకై తండ్రి భవిష్యనిధి సొమ్ము తీసి వాడిరి. ఆ బిడ్డ 2012లో లండను ఒలింపిక్సున కాంస్యపతకము గెలిచి, బాడ్మింటనులో భారతదేశమునకు తొలి ఒలింపిక్ పతకమును తెచ్చినది.

అటు పిమ్మట పి. వి. సింధు కథ. మారేడుపల్లి నుండి గచ్చిబౌలికి పోయి వచ్చుటకు దినమునకు 56 కిలోమీటర్లు. అంత దూరము నుండియు వేళ తప్పక వచ్చెడిదని ఆమె చిన్ననాడే పత్రికలు వ్రాసినవి. 2016లో రియోలో రజతము, 2019లో ప్రపంచ విజేత పదవి, 2021లో టోక్యోలో కాంస్యము ఆమెకు లభించినవి. ఈ రెండు కథలును మన యిండ్లలో నేడు పురాణకథలవలె చెప్పుకొనబడుచున్నవి. తప్పు లేదు. కాని పురాణమును వినువారు తమకు కావలసిన భాగమునే విని, తక్కినదానిని విడుచుట లోకసహజము. మన తల్లిదండ్రులు ఈ కథలలో స్కూటరును చూచిరి, భవిష్యనిధిని చూచిరి, తెల్లవారుజామును చూచిరి. "ఇవన్నియు మేమును చేయగలము, కావున మా బిడ్డయు పతకము తేగలదు" అని లెక్క వేసికొనిరి.

ఆ కథలలో వినక విడిచిన భాగమొకటి కలదు.

సింధు తల్లిదండ్రులిద్దరును వాలీబాలు క్రీడాకారులు. తండ్రి శ్రీ పి. వి. రమణ 1986లో సియోలు ఆసియా క్రీడలలో కాంస్యపతకము గెలిచిన భారతజట్టు సభ్యుడు. 2000లో అర్జున పురస్కారము నందినవాడు. ఇంటిలో వాలీబాలు తప్ప వేరు మాట లేని కాలమున, బిడ్డ రాకెట్టు పట్టినది. 2001లో గోపీచంద్ ఆల్ ఇంగ్లండు పోటీ గెలుచుట ఆ పసిమనసునకు ప్రేరణయైనది. తమకు తెలిసిన ఆట, తమకు పేరు తెచ్చిన ఆట, తమ పరిచయములన్నియు గల ఆట వాలీబాలు. బిడ్డ కోరినది వేరొకటి. తల్లిదండ్రులు తమ ఆటను ప్రక్కకు పెట్టి బిడ్డ ఆట వెంట నడచిరి. వారు చేసిన త్యాగములలో 56 కిలోమీటర్ల ప్రయాణముకంటె ఇది గొప్పదని నా మనవి.

నిజామాబాదు బాలిక నిఖత్ జరీన్ కథయు ఇట్టిదే. తండ్రి శ్రీ జమీల్ అహ్మద్ స్వయముగా ఆటలాడినవారు. కూతురును మొదట పరుగుపందెములకు తీర్చిరి. ఆమె మైదానమున ముష్టియుద్ధపు శిక్షణ చూచినది. అందరును బాలురే, బాలికలు లేరు. ఇది ఆడపిల్లలు ఆడరాదా యని తండ్రిని అడిగినది. బంధువులు మాటలాడిరి, ముఖము గాయపడిన పిల్లను ఎవరు పెండ్లాడుదురని తల్లి బెంగపడినది. తండ్రి మాత్రము తాను వేసిన బాటను తానే మార్చుకొని, బిడ్డ చూపిన బాటన నడచిరి. 2022లో ఇస్తాంబులునందును, 2023లో ఢిల్లీయందును నిఖత్ ప్రపంచవిజేత యైనది.

హైదరాబాదు క్రికెట్టు వీరుడు శ్రీ వి. వి. యస్. లక్ష్మణ్ తల్లిదండ్రులిద్దరును వైద్యులు. చదువులో చురుకైన కుమారుని వైద్యుని చేయుట వారికి కష్టమైన పని కాదు. కుమారుడు క్రికెట్టును ఎన్నుకొనెను. వారు అడ్డుపడలేదు. 2001లో కలకత్తాలో ఆస్ట్రేలియాపై ఆయన చేసిన 281 పరుగులు నేటికిని పిల్లలు కథగా చెప్పుకొందురు.

ఈ మూడు యిండ్లలోను త్యాగమున్నది, ఆశయున్నది, శ్రమయున్నది. వీనికి తోడు మరియొకటి యున్నది. పెద్దలు గీచిన గీతను బిడ్డ దాటినపుడు ఇంటి తలుపు మూసికొనలేదు.

ఇచట చదువరి ఒక ఆక్షేపణ తేవచ్చును. బిడ్డ పుట్టినపుడే గురి నిర్ణయించి, దాని కొరకే పెంచి, గెలిపించిన తండ్రులు లేరా? ఉన్నారు. దాచుట న్యాయము కాదు.

గుడివాడలో 1987లో పుట్టిన కోనేరు హంపి పేరే అందుకు సాక్ష్యము. "ఛాంపియన్" అను మాటలో నుండి తల్లిదండ్రులు ఆ పేరును తీసిరి. తండ్రి శ్రీ అశోక్ చదరంగపు ఆటగాడు. తాను ఆడుచుండగా అయిదారేండ్ల పాప ప్రక్కనుండి ఎత్తు సూచించుట చూచి, బిడ్డ ప్రతిభను గ్రహించి, కొలువు విడిచి ఆమెకు శిక్షకుడైరి. 2002లో, 15 సంవత్సరముల వయసున, ఆమె గ్రాండ్‌మాస్టరు బిరుదు పొందినది. హంగరీ దేశపు జుడిత్ పోల్గార్ పేర నున్న రికార్డును మూడు నెలల తేడాతో దాటినది. ఆ జుడిత్ తండ్రి లాస్లో పోల్గార్ కూడ ముగ్గురు కూతుండ్రను చదరంగమునకే పెంచినవాడు. ప్రతిభ పుట్టుకతో రాదు, పెంపకముతో వచ్చునని నిరూపించుటకు బిడ్డలనే ప్రయోగము చేసిన మనిషి! హంపి 2019లోను, తల్లియై కొన్నేండ్లు గడచిన పిమ్మట 2024లోను ర్యాపిడ్ చదరంగమున ప్రపంచవిజేత యైనది. తండ్రి పెట్టిన పేరును ఆమె నిజము చేసినది.

సికింద్రాబాదున పెరిగిన మిథాలీ రాజ్ చిన్ననాడు భరతనాట్యము నేర్చినది. ఆ నాట్యమే తనకు ప్రియమైనదని ఆమె పిమ్మట పలుమారులు చెప్పినది. వైమానికదళమున పనిచేసిన తండ్రి, బిడ్డ బద్ధకముగా ప్రొద్దెక్కువరకు నిద్రించుచున్నదని, అన్నతోపాటు క్రికెట్టు మైదానమునకు పంపిరి. 1999లో 16 ఏండ్ల వయసున, ఐర్లండుపై తొలి అంతర్జాతీయ వన్డే పోటీలోనే ఆమె 114 పరుగులు చేసి అజేయముగా నిలిచినది. 2022లో విరమించునాటికి వన్డేలలో 7,805 పరుగులు చేసి, మహిళలలో ప్రపంచమున అగ్రస్థానమున నున్నది. తండ్రి ఆశ ఫలించినది. నాట్యము మాత్రము నిలిచిపోయినది. ఆ లెక్కలో లాభమెంత, నష్టమెంత అను నిర్ణయము ఆమె యొక్కతెకే చెల్లును.

కావున తల్లిదండ్రుల ఆశయే దోషమనుట తొందరపాటు. కాని ఈ రెండు కథలను ప్రమాణముగా గైకొనువారు మరియొక సంగతి తలపవలెను. గమ్యము చేరిన వారినే మనము చూచుచున్నాము. అదే తెల్లవారుజామున, అట్టి స్కూటర్లపైననే పోయి, చేరనివారెందరు? వారి పేర్లు పత్రికలకెక్కవు. వారి తండ్రుల త్యాగములను ఎవరును పాడరు. ఒక కోర్టులో నలువదిమంది పిల్లలు నేర్చుచుండగా, దేశపు జట్టులో చోటు ఎందరికి?

ఈ మాట నేను చెప్పుట కాదు. ఆల్ ఇంగ్లండు గెలిచి, సైనాను, సింధును తీర్చిదిద్దిన గోపీచంద్ గారే 2025 ఫిబ్రవరిలో, కలిగిన కుటుంబమో కుటుంబవ్యాపారమో లేనివారు క్రీడలను వృత్తిగా తీసికొనవద్దని హెచ్చరించిరి. ఆట ముగిసిన పిమ్మట క్రీడాకారుల బ్రతుకు ఎట్లు సాగుచున్నదో ఎరిగినవాడు గనుక ఆ మాట యనిరి. తాను ఇంజనీరింగు ప్రవేశపరీక్షలో నెగ్గకపోవుటయే తనకు మేలైనదని నవ్వుచు చెప్పెడి మనిషి, స్వంత కుమార్తెయు బాడ్మింటను ఆడుచున్న మనిషి, ఇట్లు చెప్పవలసి వచ్చెననిన, వినుట మనకు క్షేమము.

ఇక విదేశముల మాట. అమెరికా టెన్నిసు వీరుడు ఆండ్రీ ఆగస్సీ ఎనిమిది గ్రాండ్‌స్లాము పోటీలు గెలిచెను. 2009లో తన ఆత్మకథ వెలువరించి, ఆ ఆటను తాను ద్వేషించితినని వ్రాసెను. తండ్రి బంతులు విసరు యంత్రమొకటి తయారుచేసి, దినమునకు 2,500 బంతులు కొట్టించెడివాడు. ఆ యంత్రమునకు బాలుడు పెట్టుకొనిన పేరు డ్రాగను. నిప్పులు గ్రక్కు మృగము. బంతులు విసరుచున్న యంత్రము పసికంటికి మృగమై కనబడినదనిన, దాని వెనుక నిలిచిన తండ్రి ఎట్లు కనబడెనో ఊహించుకొనవచ్చును.

జెన్నిఫర్ కాప్రియాతి యను బాలిక 1990లో, పదునాలుగేండ్లయిన నిండకముందే, వృత్తి టెన్నిసున ప్రవేశించినది. 1992లో ఒలింపిక్ స్వర్ణము గెలిచినది. మరి రెండేండ్లలో ఆటకు దూరమై, దారి తప్పి, పోలీసు కేసులో పత్రికల కెక్కినది. ఆమె గట్టి పిండము. తిరిగి లేచి 2001లో ఆస్ట్రేలియా, ఫ్రెంచి పోటీలు గెలిచినది. కాని ఆ పతనము చూచి మేల్కొనిన మహిళా టెన్నిసు సంఘము, చిన్నవయసు బాలికలు ఏడాదికి ఎన్ని పోటీలాడవచ్చునో 1995 నుండి హద్దులు విధించినది. అంతకుముందే 1993లో ఒక క్రీడాకారిణి తండ్రి ఆగడము భరింపలేక, ఆయనను పోటీప్రాంగణములకు రానీయకుండ నిషేధించవలసి వచ్చినది. తండ్రి నుండి బిడ్డను కాపాడుటకు నిబంధన కావలసివచ్చినది!

దూరదేశముల వరకు పోనేల? మన పొరుగున ఒడిశాలో, 2006 మే నెల ఎండలో, బుధియా సింగు అను నాలుగేండ్ల పసివాడు పూరీ నుండి భువనేశ్వరము వరకు 65 కిలోమీటర్లు పరుగెత్తెను. అతడు నిరుపేద యింటి బిడ్డ. చేరదీసిన శిక్షకుడే తండ్రివలె వ్యవహరించెను. దారి పొడవున జనము చప్పట్లు కొట్టిరి. దేశమంతయు అబ్బురపడినది. పిమ్మట ప్రభుత్వము కలుగజేసికొని అట్టి పరుగులను ఆపించినది. నాలుగేండ్ల యెముకలకు 65 కిలోమీటర్లు తగునా యని ప్రశ్నించుటకు ముందు మనము చప్పట్లు కొట్టితిమి. ఆ చప్పట్లలో మన పాలు లేదనగలమా?

చదువరులు మన్నించిన, నా అనుభవమొకటి చెప్పెదను. కొన్నేండ్ల క్రిందట నేను పాఠము చెప్పిన తరగతిలో పదమూడేండ్ల బాలుడొకడుండెను. వేగముగా బంతి వేయుటలో దిట్ట. ఉదయమొక శిబిరము, సాయంకాలమొక శిబిరము, ఆదివారము పోటీ. ఒకనాడు బల్లపై కూర్చుండలేక గోడకానుకొని నిలిచెను. అడిగితిని. "ఏం లేదు సార్" అనెను. మరునాడును అంతే. తరగతి ముగిసిన పిదప ఒంటరిగా పిలిచి అడుగగా, నడుము నొప్పి రెండు నెలలనుండి యున్నదని చెప్పెను.

"మీ నాన్నగారితో చెప్పలేదేమిరా? తిడతారా?" అంటిని.

"తిట్టరు సార్. ఏమీ అనకుండా ఊరుకుంటారు. నాకోసం ఊళ్ళో పొలం అమ్మారు సార్" అని తల వంచుకొనెను.

తండ్రిని పిలిపించితిని. ఆయన దుర్మార్గుడు కాడు. మెత్తని మనిషి. విని చాలసేపు మాటాడలేదు. "నాతో ఎందుకు చెప్పలేదు సార్ వాడు?" అని మాత్రము అడిగెను. ఆనాడు నాకు బదులు తోచలేదు. వైద్యుడు పరీక్షించి వెన్నెముక కడ ఎముకకు ఒత్తిడి తగిలినదని చెప్పి, కొన్ని నెలలు బంతి ముట్టవద్దనెను. ఎదుగుచున్న వయసున వేగముగా బంతులు వేయువారికి ఇట్టి గాయము కలుగుట వైద్యులెరిగినదే. అందువలననే ఇంగ్లండు, ఆస్ట్రేలియా దేశములలో చిన్నవారు ఎన్ని ఓవర్లు వేయవచ్చునో వయసునుబట్టి హద్దులు నిర్ణయించిరి.

ఆ తండ్రి ప్రశ్నకు బదులు నాకిప్పుడు తోచుచున్నది. అయ్యా, మీరు పొలమమ్మినది ప్రేమతోనే. కాని ఆ సంగతి బిడ్డ చెవిని పడిననాడు అది ప్రేమగా మిగులలేదు, అప్పుగా మారినది. అప్పుపడినవాడు ఋణదాత యెదుట నొప్పి యని చెప్పుకొనలేడు. పసివాడు బంతి వేసిన ప్రతిసారి వడ్డీ కట్టుచుండెను. వెన్ను విరిగినను వాయిదా తప్పరాదని వాని భయము.

మంచి తల్లిదండ్రులకును, అతిగా ఆశపడు తల్లిదండ్రులకును భేదము త్యాగములో లేదు. ఇద్దరును త్యాగము చేయుదురు. ఆశలోను లేదు, ఇద్దరికిని ఆశయుండును. "నాకు నొప్పిగా నున్నది", "నాకిది వద్దు" అని బిడ్డ చెప్పిన తరువాతను, ఆ యింట ఆ రాత్రి భోజనము ఎప్పటివలెనే సాగునా, సాగదా అనుటలో నున్నది.

"మొక్కై వంగనిది మానై వంగునా" యని మనవారు సామెత చెప్పుదురు. నిజమే. కాని వంచుట వేరు, విరుచుట వేరు. మొక్కను వంచు తోటమాలి ఒక్కొక్క దినము కొంచెముగా వంచును. కాండము చిటుక్కుమను చప్పుడు వినుటకు చెవి యొగ్గియుండును. అమెరికా శిశువైద్యుల సంఘము 2016లో ఇచ్చిన సలహా అట్టి తోటమాలి మాటయే. పదునైదు పదునారేండ్ల వరకు బిడ్డను ఒకే ఆటకు కట్టివేయవద్దనియు, వారమునకు ఒకటి రెండు దినములైనను ఆ ఆట నుండి విశ్రాంతి ఈయవలెననియు, ఏడాదిలో మొత్తము మూడు నెలలు విడిచి విడిచి విరామము కావలెననియు వారు చెప్పిరి. పలు ఆటలాడి పెరిగిన బిడ్డ దేహము తక్కువగా గాయపడును, మనసు తక్కువగా విసుగును.

మదీనాగూడవంటి చోట్ల ఈ సలహా పాటించుట సులభము కాదని నేనెరుగుదును. పలు ఆటలాడుటకు చోటేది? మేడల నడుమ మిగిలిన నాలుగడుగుల జాగాలో కార్లు నిలిచియుండును. కొన్ని మేడలలో "ఇచట బంతి ఆడరాదు" అను పలక కూడ ఉండును. ఆడవలెననిన గంటకింత యని రుసుము చెల్లించి, వల కట్టిన బాక్స్ క్రికెట్టుకు పోవలెను. లేదా అకాడమీలో చేరవలెను. గోళీలు, గిల్లీదండ, కబడ్డీ, పరుగులు, చెట్లెక్కుట, చెరువులో ఈదుట. ఇవన్నియు శిక్షకుడు లేని, రుసుము లేని, ఓడినను నష్టము లేని ఆటలు. ఆ ఆటలు పోయిన పిదప, బిడ్డకు మిగిలిన ఆట పెద్దలు కొనియిచ్చునదే. కొనియిచ్చినవారు ఫలితమడుగుట వింత కాదు.

మరియొక విచారము. ఆరవ తరగతి నుండియే ఐఐటీ పాఠములు చెప్పించి, పిల్లల ర్యాంకులను ఫలకములపై అచ్చువేయించు అలవాటు మన తెలుగునాట బలపడినది. ఆ ఒత్తిడి నుండి బిడ్డకు గాలి యాడుటకు ఆట యొక కిటికీవలె నుండెడిది. నేడు ఆ కిటికీలోను ర్యాంకుల పట్టిక వ్రేలాడుచున్నది. చదువు ఒక పోటీ, ఆట మరియొక పోటీ యైనచో, పసివాడు పసివాడుగా నుండుట కెచట తావు?

ఉపాధ్యాయ సోదరులారా, ఇక మన వంతు. ప్రహ్లాదుని కథలో చండామార్కులనువారు గురువులు. శిష్యుని మనసు ఎటున్నదో వారికి తెలియకపోలేదు. కాని వారు రాజైన తండ్రికి వెరచిరి. బిడ్డ మాట విని తండ్రికి నచ్చజెప్పుటకు బదులు, తండ్రి మాటనే బిడ్డకు మరల మరల వల్లె వేయించిరి. మన పాఠశాలలలోను అట్లే జరుగుచున్నది. పోటీలకు పోవు బిడ్డ తరగతిలో నిద్రపోయిన మందలింతుము. పతకము తెచ్చిన వేదిక యెక్కించి ఫోటో తీయింతుము. వాని మనసున ఏమున్నదో అడుగము.

మనము చేయదగిన పనులు పెద్దవి కావు. పోటీలకు పోవు బిడ్డను నెలకొకసారి యైనను ఒంటరిగా పిలిచి, "ఈ నెల ఆట నీకు సంతోషముగా నున్నదా?" యని అడుగవలెను, "గెలిచితివా" యని కాదు. కుంటుచున్నను, కూర్చుండలేకున్నను, నవ్వు తగ్గినను గమనింపవలెను. తప్పిన పాఠములను ఓపికతో మరల చెప్పి, ఆట విడిచిననాడు తిరిగి వచ్చుటకు చదువు దారిని తెరచియుంచవలెను. వ్యాయామోపాధ్యాయుని మాటను తల్లిదండ్రుల సమావేశమున ముందుగా వినిపింపవలెను. మనము బిడ్డకు తల్లిదండ్రులము కాము; అందుకే వాడు మనతో చెప్పగలడు. మనకు వాడు బాకీ లేడు.

విద్యార్థులారా, మీకొక మాట. ఆట కష్టముగా నున్నదని మానుట వేరు, నీకది వద్దని మానుట వేరు. తెల్లవారుజామున లేచుటకు బద్ధకించుట అందరికిని కలదు. ఆ బద్ధకమును గెలిచినపుడే మిథాలీ మిథాలీ యైనది. కాని నొప్పిని దాచుట వీరత్వము కాదు. ఇంటిలో చెప్పలేనిచో బడిలో చెప్పుడు. మీ తల్లిదండ్రులు మీరు ఊహించుకొనినంత కఠినులు కారు. పెక్కుమంది, ఆ బాలుని తండ్రివలె, మీరు చెప్పలేదనియే దుఃఖింతురు.

అభిమన్యుని కథ మనకందరికిని తెలిసినదే. పద్మవ్యూహమును ఛేదించి లోనికి పోవు విద్య అతనికి తండ్రివలన అబ్బినది. వెలుపలికి వచ్చు విద్య అబ్బలేదు. పదునారేండ్ల బాలుడు లోనికి దూసికొనిపోవుచుండగా పెద్దలందరును మెచ్చుకొనిరి. వెనువెంట వచ్చెదమనిరి. రాలేకపోయిరి. బిడ్డను పోటీ యను వ్యూహమున ప్రవేశపెట్టు ప్రతి తండ్రియు, ప్రతి తల్లియు, ప్రతి శిక్షకుడును లోనికి పోవు దారిని శ్రద్ధగా నేర్పుచున్నారు. వెలుపలికి వచ్చు దారిని కూడ నేర్పవలెను. "ఎప్పుడు వద్దనిపించిన అప్పుడు వచ్చేయి, నేనిక్కడనే యుందును" అను ఒక్క మాటయే ఆ దారి. ఆ మాట విన్న బిడ్డ వెనుదిరుగునని భయపడనక్కరలేదు. తిరిగి వచ్చుటకు చోటున్నదని తెలిసినవాడే నిబ్బరముగా ముందుకు పోవును.

నేటి ఉదయము కూడ ఆ స్కూటరు కనబడినది. పాప మేలుకొనియే యున్నది. తండ్రి చెవిలో ఏమో చెప్పుచున్నది. ఏమి చెప్పినదో నాకు వినబడలేదు. తండ్రి మాత్రము బండి నెమ్మది చేసి, తల ప్రక్కకు వంచి వినుచుండెను.